పై చదును

తమ్ముడు దర్శిలో రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి హైదరాబాద్‌లో దిగాడు. కొండాపూర్‌లో అన్నయ్య ఫ్లాట్ చేరేటప్పటికి ఆరున్నరయింది. బియ్యం మూట గుమ్మం పక్కన దించి, కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చాడు.

అన్నయ్య ఎస్‌ప్రెసో మెషీన్ ముందు నిలబడి ఉన్నాడు.

"సరిగ్గా వేళకొచ్చావు. మీ వదిన పెట్టే ఫిల్టర్ కాఫీ ఎప్పుడూ ఉండేదే. ముందు ఇది తాగు."

ఆ ఇంట్లో ఆ మెషీన్ కాఫీ తాగేది అన్నయ్య ఒక్కడే. ఎవరైనా వస్తే వాళ్ళు రెండోవాళ్ళు.

గింజలు అరకువి. తూకం మీద గిన్నె పెట్టి 18 గ్రాములు పోశాడు. ఒక గింజ ఎక్కువైతే తీసేశాడు. ఒక్క నీటిబొట్టు వేసి కలిపి గ్రైండర్‌లో పోశాడు. పొడి బాస్కెట్‌లో పడింది.

"ఈ ఏడు కాలువొచ్చిందా?" అడిగాడు, తల తిప్పకుండానే.

వాళ్ళ ఊరు సాగర్ కుడికాలువ చివరి ఆయకట్టు.

"ఎగువ చేలోకి వచ్చింది. దిగువ చేలోకి మాత్రం..."

"ఇదిగో, ఇటు చూడు. అసలు సంగతంతా ఇక్కడుంది."

బాస్కెట్‌లో పొడి ఒక పక్క గుట్టగా ఉంది. ఇంకో పక్క పల్చగా ఉంది. అక్కడక్కడా ఉండలు కట్టింది.

"దీన్ని ఇలాగే అదిమి మెషీన్‌కి తగిలించామనుకో. నీళ్ళు 9 బార్ల ఒత్తిడితో వస్తాయి. కారు టైర్లో గాలికి నాలుగింతలు. అంత జోరుమీద వచ్చిన నీళ్ళు ఎటు పోతాయి? దారి ఎటు సులువైతే అటు. పల్చగా ఉన్నచోట కన్నం చేసుకుని అందులోంచే పారతాయి. అక్కడి పొడిలోంచి చేదు కూడా దిగుతుంది. అవతలి పొడికి చాలినన్ని నీళ్ళందవు. దానిది పులుపు. బాస్కెట్ ఒకటే, పొడి ఒకటే, నీళ్ళూ ఒకటే. అయినా చూడు."

తమ్ముడు తలూపాడు. అందులో అతనికి తెలియనిదేమీ లేదు.

భోజనాల బల్ల మీద ఏవో కాగితాలున్నాయి. అవి ఎగిరిపోకుండా వాటి మీద గుండ్రటి స్టీలు బిళ్ళ ఒకటి పెట్టి ఉంది. అన్నయ్య దాన్ని తెచ్చి తిరగేసి చూపించాడు. అడుగున మూడు ఏటవాలు రెక్కలున్నాయి.

"మొదట దీన్ని కొన్నాను. బాస్కెట్ మీద పెట్టి గిర్రున తిప్పితే పొడి నున్నగా చదునైపోతుంది. చూడ్డానికి ఎంత బాగుంటుందో. కొన్నాళ్ళు దీన్నే నమ్మాను. కాఫీ ఓ రోజు చేదు, ఓ రోజు పులుపు. ఎందుకా అని చూస్తే, ఇది సర్దేది పైపైనే. అడుగున గుట్ట గుట్టగానే ఉంటుంది, గుంట గుంటగానే ఉంటుంది. పైకి చదునుగా కనబడినంత మాత్రాన సమానమైపోయినట్టు కాదురా."

బిళ్ళని తీసుకెళ్ళి మళ్ళీ కాగితాల మీద పెట్టి వచ్చాడు. సొరుగులోంచి ఇంకొకటి తీశాడు. చిన్న కొయ్య పిడి. దాని కింద ఎనిమిది సూదులు, ఒక్కోటి 0.4 మిల్లీమీటర్ల మందం.

"ఇదీ అసలు పనిముట్టు. అమెరికాలో జాన్ వైస్ అని ఒకాయన 2005లో ఈ పద్ధతి చెప్పాడు. ఆయన గ్రైండర్ కూడా ఉండలు కట్టేదట. పెరుగు డబ్బా అడుగు కోసి బాస్కెట్ మీద నిలబెట్టాడు, సూది పెట్టి పొడి కలిపాడు. అంతే. ఇప్పుడు ఎక్కడ చూసినా ఇదే."

సూదుల్ని అడుగుదాకా దించి చిన్న చిన్న సున్నాలు చుట్టాడు. ముందు అడుగున, తర్వాత మధ్యలో, చివర పైన. ఉండలు విడిపోయాయి. గుట్టా గుంటా ఒకటయ్యాయి. అప్పుడు అదిమి, మెషీన్‌కి తగిలించి, కింద నుంచి ఫోన్ లైటు వేసి వంగి చూశాడు.

బాస్కెట్ అడుగంతా ఒకేసారి చెమర్చింది. బొట్లన్నీ మధ్యకి చేరి ఒకే ధార అయ్యాయి. 28 సెకన్లకి 36 గ్రాములు.

"చూశావా? ఏ మూలకీ అన్యాయం జరగలేదు."

తమ్ముడు రెండు గుక్కల్లో తాగేశాడు. బాగుందన్నాడు.

ఇద్దరూ బల్ల దగ్గర కూర్చున్నారు. అన్నయ్య బిళ్ళ పక్కకి జరిపి కాగితాలు తమ్ముడి ముందుకి తోశాడు.

"నాన్న పోయి ఏడాదయింది. పంపకాలు నోటిమాటగా ఉంటే రేపు పిల్లలకి తగాదాలు. సర్వేయర్‌తో కొలిపించాను. మొత్తం ఆరెకరాలు. నీకు మూడు, నాకు మూడు. సెంటు తేడా లేదు."

తమ్ముడు పటం విప్పాడు. ఎగువ మూడెకరాలు అన్నయ్యవి. తూము అందులో ఉంది. దిగువ మూడెకరాలు తమ్ముడివి. తూము దగ్గర మొదలైన బోదె ఎగువ చేను దాటుకునే దిగువకి రావాలి. పటంలో రోడ్డు ఉంది, గట్లున్నాయి, హద్దురాళ్ళున్నాయి. బోదె లేదు.

"రోడ్డు పక్కది నాకు పెట్టించాను," అన్నాడు అన్నయ్య. "ఎప్పుడైనా వస్తే కారు నేరుగా దిగుతుంది. ఎవరికన్నా కౌలుకిచ్చేస్తాలే. ఎగువదీ దిగువదీ ఒక్కడివే చూసుకునే బాధ నీకు తప్పుతుంది."

వదిన రెండు గ్లాసుల్లో ఫిల్టర్ కాఫీ తెచ్చి పెట్టి వెళ్ళింది.

"చదివావుగా. తేడా ఏమన్నా కనిపించిందా?"

"కొలతల్లో ఏం లేదన్నయ్యా."

"అయితే సంతకం పెట్టు."

తమ్ముడు కుడిచేత్తో పెన్ను అందుకున్నాడు. ఎడమచేత్తో స్టీలు బిళ్ళ తీసి, ఇటూ అటూ తిప్పి చూశాడు.

"పెడతాను. ఒక్క మాట చెప్పన్నయ్యా. ఈ పంపకం దీంతో చేయించావా, సూదులతో చేయించావా?"