పట్టీలు పోయిన ప్రెస్సు

నేను మొక్కలను నొక్కి ఆరబెట్టే హెర్బేరియం ప్రెస్సును. రెండు టేకు జాలీ చట్రాలు, నడుమ పాత పేపర్లు, పైన బిగించే రెండు నవారు పట్టీలు, అంతే నా ఒళ్లు. ఏ వడ్రంగి చేశాడో గానీ, సూర్యాపేటలోని ఒక డిగ్రీ కాలేజీ బాటనీ ల్యాబుకు వచ్చాకే నాకు బతుకంటూ మొదలైంది.

అప్పట్లో మా సారు నన్ను స్కూటరు వెనక కట్టుకుని కోదాడ, మిర్యాలగూడ దాకా తిప్పేవారు. వెంట వచ్చిన పిల్లలు "బ్రాకెన్ ఎక్కడ దొరుకుద్ది సార్?" అని అడిగేవాళ్లు. అది నీలగిరులు, హిమాలయాల వంటి చల్లటి కొండల ఫెర్ను. మన ఎండలకు ఎట్లా బతుకుద్ది? "ముందు బావిలోకి తొంగి చూడండిరా" అనేవారు సారు. మోటబావి రాతికట్టు సందుల్లో టెరిస్ విట్టాటా వేలాడుతుండేది. అదీ బ్రాకెన్ మాదిరే ఆకు అంచును కిందికి మడిచి సిద్ధబీజాలను దాచుకునే రకం. మట్టిలోని ఆర్సెనిక్‌ను ఒంట్లోకి లాగేసుకుంటుందని 2001లో అమెరికా శాస్త్రవేత్తలు చెబితే లోకమంతా అబ్బురపడింది. మా బావిగోడ మీద ఉన్నన్నాళ్లూ సారు తప్ప దాన్ని పలకరించినవాడు లేడు! సాగర్ ఎడమ కాలువ కింది వరిమళ్లలో నాలుగాకుల మార్సీలియా, బండల నెర్రెల్లో వేలెడంత తాటాకులా విచ్చుకునే మయూరశిఖ కూడా నా కడుపులో ఆరినవే.

ఫెర్నును నొక్కడం తేలికేం కాదు. ఒట్టి ఆకు తెంపుకొస్తే సరిపోదు, మట్టిలోని కొమ్ముతో సహా తీయాలి. నాకంటే పొడుగైతే మడతపెట్టాలి. ఒకటి రెండు రెబ్బలను బోర్లా తిప్పాలి, అడుగునున్న గోధుమరంగు సిద్ధబీజాశయాలు కనబడితేనే పేరు తేలేది. మొదట్లో పేపర్లు రోజూ మార్చాలి. శనివారం నొక్కి సోమవారం దాకా మరిచిపోయే మహానుభావుల వల్ల నాకు పట్టిన బూజు అంతా ఇంతా కాదు.

అంతకంటే ఎక్కువ ఉక్రోషం, ఆరిన మొక్క షీటు మీద అంటించే చీటీల మీద. సారు రాసే చీటీలో ఊరు, తేదీ, బావిగోడ ఏ దిక్కుదో, నీటికి ఎంత ఎత్తులో దొరికిందో ఉండేవి. పిల్లలేమో "నల్గొండ జిల్లా" అని గీకి పారేసేవాళ్లు. 2016లో సూర్యాపేట, కోదాడ కొత్త జిల్లాలోకి పోయాయి, మిర్యాలగూడ నల్గొండలోనే ఉండిపోయింది. ఊరు రాయని ఆ షీట్లు ఇప్పుడు ఏ జిల్లావో చెప్పేదెవరు? పోనీ వెళ్లి వెతుకుదామా అంటే, బోర్లు వచ్చాక ఆ బావుల్లో చాలావాటిని పూడ్చేశారు.

సారు రిటైరయ్యాక నన్ను బీరువా మీదికి ఎక్కించారు. సీనియర్ల షీట్లకే పేరు మార్చి రికార్డు పెట్టడం మొదలైంది, తర్వాత ఫోన్లో ఫొటోలొచ్చాయి. ఒక పట్టీతో పాత జవాబు పత్రాల కట్ట కట్టారు. రెండోది ఎవరి సైకిలు క్యారియర్ మీద ఊరేగుతోందో. పేపర్లు ఎలుకల పాలు.

మొన్న స్టాకు రిజిస్టరు తనిఖీ జరిగింది. నా ఎదురుగా "చెక్క సామాను, 1, పనికిరాదు" అని రాశారు. రాసింది ఎవరో లేదు, తేదీ అసలే లేదు. ఇట్లాంటి చీటీ చూస్తే సారు షీటు తీసుకునేవారే కాదు.