పళ్లెం బోర్లించి చూసే పెద్దమనిషి

అమెరికాలో ఓ మోస్తరు ఊరు ఏదైనా సరే, అక్కడ థ్రిఫ్ట్ స్టోర్ అనే దుకాణం ఒకటైనా కనిపిస్తుంది. ఇళ్లలో అక్కర తీరిన బట్టలు, పుస్తకాలు, పాత్రలు జనం దానంగా తెచ్చి ఇస్తే, వాటిని చవకగా అమ్మి, వచ్చిన సొమ్మును ఉపాధి శిక్షణ వంటి సేవాకార్యాలకు వెచ్చించే దుకాణం అది. బోస్టన్ నగరంలో ఎడ్గర్ హెల్మ్స్ అనే మతబోధకుడు 1902లో ప్రారంభించిన గుడ్‌విల్ సంస్థ ఈ పద్ధతికి పేరుపొందిన నమూనా. ఈ దుకాణాలకు పేదవారు, విద్యార్థులు, పొదుపరులు, ఊరికే చూసిపోదామనుకునేవారు వస్తుంటారు. వీరందరి మధ్యా తిరుగుతూనే వీరిలో ఎవరితోనూ కలవని జాతి మరొకటి ఉంది. దానిని అక్కడ పికర్ అంటారు. అంటే ఇతరులు వదిలించుకున్న వస్తువుల్లోంచి విలువైనదాన్ని ఏరి, కొని, మరోచోట ఎక్కువ ధరకు అమ్మేవాడు. పికర్లలో పాత గడియారాల వారు, గ్రామఫోను రికార్డుల వారు, తోలు కోట్ల వారు అనే శాఖలున్నాయి గాని, గాంభీర్యంలోనూ అనుమానంలోనూ ఇంట్లో ఆక్రమించే స్థలంలోనూ పాత పింగాణీ పికర్‌కు సాటి వచ్చే శాఖ లేదు. (ఈ శాఖలో స్త్రీలు తక్కువేమీ కారు; ఇక్కడ పుంలింగం వాడటం వ్యాకరణ సౌలభ్యం కోసమే తప్ప వారిని ఈ అభియోగం నుంచి తప్పించడానికి కాదు.)

ఇతడిని గుర్తుపట్టడానికి ఒకే లక్షణం చాలు. మామూలు మనిషి పళ్లెం చేతికి తీసుకుంటే దానిమీది పువ్వులు చూస్తాడు. ఇతడు దానిని బోర్లించి అడుగు చూస్తాడు. పళ్లెం మీద ఉన్నది గులాబీయా, చామంతా అని అడిగితే నీళ్లు నములుతాడు గాని, అడుగున ఏ రంగులో ఏ ముద్ర ఉందో ఏళ్ల తరువాత కూడా తడుముకోకుండా చెబుతాడు. విందుకు పిలిచిన ఇంట్లో వడ్డనకు ముందే కంచం తిప్పి చూడటం ఇతడి దృష్టిలో మర్యాదలో భాగం. వడ్డించిన తరువాత ఆ కోరికను అణచుకోవడం సంస్కారానికి పరీక్ష. ఆ పరీక్షలో ఇతడు ప్రతిసారీ నెగ్గలేదనడానికి అతడి భార్యే సాక్షి.

ఈ బోర్లించే అలవాటుకు ఒక చట్టం పునాది. అమెరికా 1890లో చేసిన మెకిన్లీ సుంకాల చట్టం వల్ల, దిగుమతి వస్తువుల మీద అవి తయారైన దేశం పేరు ఆంగ్లంలో స్పష్టంగా ఉండాలనే నియమం 1891 నుంచి అమలైంది. అందువల్ల ముద్రలో దేశం పేరు లేని కప్పు కనబడగానే అది అంతకు పూర్వపుదని ఇతడి గుండె వేగం పెరుగుతుంది. దేశం పేరును కాగితపు చీటీ మీద అంటించి పంపిన సరుకూ, అమెరికాకు పంపే ఉద్దేశమే లేక పేరు వేయని సరుకూ ఉండేవని అతడికి తెలుసు గాని, ఆ క్షణంలో అది గుర్తుకు రాదు. జపాను తయారీదారులు తమ దేశాన్ని నిప్పన్ అని రాస్తూ వస్తే, అది ఆంగ్లపదం కాదనీ జపాన్ అనే రాయాలనీ 1921లో సుంకాల శాఖ పట్టుబట్టింది. ఆ పట్టుదల పుణ్యమా అని, నిప్పన్ ముద్ర అసలుదే అయితే ఆ పూలకూజా 1891-1921 మధ్యదని చెప్పే వీలు కలిగింది. సుంకాల శాఖ ఉత్తర్వులను ఆనందబాష్పాలతో చదివే మనుషులు ఈ వర్గంలో తప్ప ఇంకెక్కడా దొరకరు.

చైనా ముద్రల దగ్గరికి వచ్చేసరికి ఈ విద్య తడబడుతుంది. అక్కడి పనివారు పూర్వపు చక్రవర్తుల పేర్లను గౌరవం కొద్దీనో, అమ్మకం కోసమో తమ పాత్రల అడుగున రాయడం మామూలు. 1722లో గతించిన కాంగ్షీ చక్రవర్తి కాలపు పాత్రల మీద 15వ శతాబ్దపు చెంగ్హువా ముద్ర, 19వ శతాబ్దపు పాత్రల మీద కాంగ్షీ ముద్ర, నిన్నమొన్నటి పాత్రల మీద ఈ రెండిట్లో ఏదైనా కనిపించవచ్చు. జర్మనీలోని మైసెన్ కర్మాగారం 1720ల నుంచి వేస్తున్న నీలిరంగు జంటకత్తుల గుర్తుకూ ఇదే గతి పట్టింది. అమెరికా సుంకాల లెక్కలో నూరేళ్లు దాటిన వస్తువే ప్రాచీన వస్తువు గనుక, అబద్ధం కూడా నూరేళ్లు నిలిస్తే దానికి ఒక ధర పలుకుతుంది. అందుచేత పికర్ చదువులో సగభాగం పాత నకిలీని కొత్త నకిలీ నుంచి వేరుచేయడమే.

ముద్ర నచ్చిన తరువాత శరీరపరీక్ష మొదలవుతుంది. కేవోలిన్ అనే తెల్లమట్టిని ఒక రకం రాతిపొడితో కలిపి, సుమారు 1300 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన వేడిలో కాల్చినది అసలు పింగాణీ. అది పలచగా ఉన్నచోట వెలుతురును కొంత లోపలినుంచి పోనిస్తుంది, వేలితో మీటితే ఖంగున మోగుతుంది, పగులుంటే మొద్దుగా పలుకుతుంది. కనుక ఇతడు కప్పును దుకాణం దీపానికి ఎత్తి పట్టి, వెనుక తన వేళ్ల నీడ కనబడుతున్నదా అని చూస్తాడు, మీటి చెవిదగ్గర పెట్టుకుంటాడు, అతికిన చోట్లు వేరే రంగులో బయటపడతాయని జేబులోని అతినీలలోహిత టార్చి వేస్తాడు, వెంట్రుకవాసి పగులు కోసం అంచు వెంబడి గోరు నడిపిస్తాడు. సంతలో పుచ్చు వంకాయ చేతికి రాకూడదని పంతం పట్టిన ఇల్లాలు కూడా ఇంత శ్రద్ధ చూపదు. ఇదంతా ముఖంలో ఏ భావమూ లేకుండా జరగాలి, ఎందుకంటే పక్క అరల దగ్గర మరో ఇద్దరు పికర్లు పిల్లల బొమ్మలు చూస్తున్నట్లు నటిస్తూ ఇతడినే చూస్తుంటారు. నిధి దొరికితే దానిని బండిలో ఒక వెలిసిన దుప్పటి కింద దాచి, పైన అక్కర లేని ప్లాస్టిక్ బకెట్టు పెడతాడు. గిన్నె బాగుందే అని బిల్లు వేసే అమ్మాయి మాటవరసకు అంటే, కుక్కకు నీళ్లు పోయడానికండీ అంటాడు. ఇంట్లో కుక్క లేదు. అంత పింగాణీ ఉన్న ఇంట్లో కుక్కను ఉంచడం సాధ్యం కాదు.

ఈ మోజుకు రాజవంశ చరిత్ర ఉంది. సాక్సనీ పాలకుడైన అగస్టస్ 1717లో ప్రష్యా రాజుకు 600 మంది సైనికులను ఇచ్చి, బదులుగా 151 పింగాణీ పాత్రలు పుచ్చుకున్నాడు. మైసెన్ కర్మాగారం 1710లో వెలసినదీ ఆయన చలవ వల్లనే. సాలార్‌జంగ్ మ్యూజియంలో మైసెన్, సేవ్ర్ పింగాణీ చూసిన తెలుగువారికి ఈ సరదా హైదరాబాదు దాకా ఎలా పాకిందో చెప్పనక్కరలేదు గాని, మూడవ సాలార్‌జంగ్‌కు కొన్నదాన్ని మళ్లీ అమ్ముకోవలసిన ఇబ్బంది లేదు. పికర్‌కు ఉన్నది అగస్టస్ ఆకలి. స్తోమత మాత్రం ఈ వారం పసుపు చీటీ అంటించిన వస్తువులు సగం ధరకే అన్న ప్రకటన మీద ఆధారపడినది.

ఆశను నిలబెట్టే పురాణగాథ మాత్రం కల్పన కాదు. 2007లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక కుటుంబం, ఇంటి ముందు పాత సామాను పరిచి అమ్మేచోట 3 డాలర్లకు ఒక తెల్లని గిన్నె కొన్నది. అది దాదాపు వెయ్యేళ్ల నాటి ఉత్తర సాంగ్ రాజవంశ కాలపు డింగ్ పాత్ర అని తేలి, 2013 మార్చిలో సోథబీస్ వేలంలో 22 లక్షల డాలర్లకు పైగా పలికింది. పికర్ ఈ కథను పూటకొకసారైనా తలుచుకుంటాడు గాని, ఆ గిన్నె కొన్నవారు పికర్లు కారన్న భాగాన్ని దాటవేస్తాడు. ఇతడి పెట్టుబడి ఎదుటివారి తెలియనితనం. అది నానాటికీ కరిగిపోతున్నది: గుడ్‌విల్ వారే 1999లో సొంత ఇంటర్నెట్ వేలం తెరిచి, మంచి వస్తువులను అటు మళ్లించసాగారు, ఇప్పుడు ఫోనుతో బొమ్మ తీస్తే పసిపిల్లవాడికి కూడా పాత్ర వివరం దొరుకుతుంది. దీనిని ఇతడు ధర్మగ్లానిగా భావిస్తాడు. దానం పుచ్చుకునే సంస్థ దానవస్తువు ధర తెలుసుకోవడం లోభమని అతడి సిద్ధాంతం.

లెక్కల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు, అతడు కూడా అంతే చేస్తాడు. 4 డాలర్లకు కొన్న కప్పు-సాసరు 22 డాలర్లకు పోతే, ఈబే వంటి అంగడి తన వంతుగా 3 డాలర్ల దాకా తీసుకుంటుంది, పెట్టెలో పెట్టె పెట్టి బుడగల కాగితం చుట్టడానికి మరో 4 అవుతుంది; మిగిలిన 11 డాలర్లలో పెట్రోలు ఖర్చు, అదే ఊపులో కొన్న మరో ఐదు కప్పుల ఖరీదు కలపడం అతడికి అనవసరమైన చాదస్తం. పన్నెండుమంది భోజనాల సెట్టులైతే మరీ కష్టం, బంగారు అంచు మైక్రోవేవ్‌కు పనికిరాదు గనుక కొత్త తరం వాటిని ముట్టదు. విడి కప్పులకే గిరాకీ, ఉన్న సెట్టులో పగిలిన ఒక్కదాన్ని నింపుకొనేవారు అన్ని ఊళ్లలోనూ ఉంటారు, అమెరికాలోని గ్రీన్స్‌బరో అనే ఊళ్లో 1981లో పుట్టిన రీప్లేస్‌మెంట్స్ అనే సంస్థ వ్యాపారం చాలావరకు వారి మీదే నడుస్తున్నది. ఫలితంగా భోజనాల బల్ల సరుకుతో నిండి, కుటుంబం వంటగదిలో నిలబడి తినడానికి అలవాటు పడుతుంది. బల్లమీద ఉన్నది సేకరణ కాదు, సరుకు అని ఇతడు వాదిస్తాడు. సరుకుకు దుమ్ము దులిపే నియమం గాని, గడువు గాని ఉండవు.

ఇక పరీక్షా సమయం, ఒకనాడు నిజంగా ఆర్డరు వచ్చినప్పుడు. దూరపు ఊరిలోని ముసలావిడ ఎవరో, అత్తగారి సెట్టులో తక్కువైన ఆరో కప్పు దొరికినందుకు అడిగిన ధర చెల్లించి, దీవిస్తూ రెండు ముక్కలు కూడా రాస్తుంది. పికర్ కప్పును బల్లమీదినుంచి తీసి, దీపానికి ఎత్తి పట్టి, వేలితో మీటి, అంచు వెంబడి గోరు నడిపించి, ఎక్కడైనా ఒక్క వెంట్రుకవాసి పగులు దొరకకపోతుందా అని రాత్రి పొద్దుపోయేదాకా వెతికి, చివరికి క్షమాపణ కోరుతూ ఆమె సొమ్ము ఆమెకు తిప్పి పంపిస్తాడు.