ఒకే అచ్చు, రెండు వేగాలు

మా రోజుల్లో బోటు కొనేవాడు ముందు దాని అడుగు తడిమి చూసేవాడు. ఇప్పుడు రంగుల కాగితం చూస్తున్నారు. అందులో గంటకి 50 కిలోమీటర్లని అచ్చేస్తే బోటు 50 పోయి తీరాలి. పోకపోతే మోసం!

మొన్న మా మనవడు మొహం మాడ్చుకుని వచ్చాడు. వాడూ, వాడి స్నేహితుడూ కాకినాడలో జనాన్ని తిప్పే స్పీడుబోట్లు నడుపుతారు. రెండూ ఒకే అచ్చులో పోసినవి, రెంటికీ 40 గుర్రాల మోటారే. ఫోన్లో చూస్తే వాడిది 42, స్నేహితుడిది 46.

"తాతా, నాకు పనికిరాని మోటారు అంటగట్టారు."

అచ్చు ఒకటైతే బోటు ఒకటవుతుందట్రా? ఒకే పెనం మీద మీ నాయనమ్మ పోసిన అట్లన్నీ ఒకే మందంగా ఉంటున్నాయా? ఫైబరు పరిచి రెజిను పూసేది మనిషి చెయ్యి. ఒకడు పొదుపుగా పూస్తాడు, ఒకడు దండిగా పూస్తాడు. ఆ బరువు బోటు జన్మంతా మొయ్యాల్సిందే.

ఒడ్డుకి లాగించాను. అడుగున అరచెయ్యి వేస్తే గరుకు. నాచు, మధ్యమధ్య పెసరగింజంతేసి గుల్లలు. స్పీడుబోటు జోరందుకున్నాక నీళ్లని కోసుకుంటూ పోదు, నీటి మీదికెక్కి జారుతుంది. జారేదాన్ని పట్టి ఆపడానికి ఆ గరుకు చాలు. వెనక కొస, అదే అమరం దగ్గర అడుగుకి తిన్నటి బద్ద ఆనిస్తే మధ్య సందులోంచి వెలుతురు కనబడింది. అంటే అడుగు అక్కడ పల్లమై, చివర కిందికి వంగింది. ఆ వంపు అమరాన్ని ఎత్తి, ముందు కొసని, అంటే అనియాన్ని నీళ్లలోకి తొక్కుతుంది. ఇక నేల పలక కింద నిలిచిన వాన నీళ్లు ఆరు బకెట్లు తోడాం. టిక్కెట్టు కొనని ఓ మనిషిని ఇన్నాళ్లూ మోసుకు తిరిగాడన్నమాట.

ఆఖరికి నీళ్లని తోసే మోటారు ఫ్యాను. దాని బొడ్డు మీది అంకె చదవమన్నాను. వాడిది 12, అవతలివాడిది 13. అదేమిటో ఇద్దరికీ తెలీదు! చెక్కలోకి మర దిగినట్టు, ఫ్యాను ఒక చుట్టు తిరిగితే ఎన్ని అంగుళాలు ముందుకు పోవాలో చెప్పే అంకె అది. మోటారు నిమిషానికి 5,500 చుట్లు తిరిగి, గేర్లు దాన్ని సగం చేస్తే ఫ్యానుకి వచ్చేవి 2,750. లెక్కకట్టు: 13కి గంటకి 54 కిలోమీటర్లు, 12కి 50. నీళ్లు చెక్క కావు గనక అందులో కొంత జారుడు కింద పోతుంది.

"అయితే 13 వేయించేస్తాను."

వేయించు. జనం నిండా ఎక్కిన రోజు మోటారు 5,500 అందుకోలేక మూలుగుతుంది. ఎద్దు సత్తువ చూడకుండా నాగలి లోతుకి దించినట్టు! కాగితం మీది 50 అంటావా, అది ఒక్కడే కూర్చుని, ట్యాంకులో కాసింత పెట్రోలు పోసుకుని, అద్దంలాంటి నీళ్లలో నడిపితే వచ్చే వేగం. వంద లీటర్ల పెట్రోలే 75 కిలోలు. మిట్టమధ్యాహ్నం వేడిగాలికి మోటారు బలమూ తగ్గుతుంది.

"మా రోజుల్లో ఈ ఫోన్లూ లేవు, ఈ గోలా లేదు. ఉప్పుటేటిలో జగన్నాథపురం వంతెన నుంచి మొగ దాకా పందెం వేసి, గడియారం పెట్టి చూశాం. చెక్క నావ మీద గంటకి 20 కొట్టాను" అన్నాను.

వాడు తల గోక్కున్నాడు. "అప్పుడు ఆటా, పోటా తాతా?"

"ఆటే."

"అయితే ఉప్పుటేరే నిన్ను సముద్రంలోకి లాక్కుపోతోందిగా! అటొకసారి, ఇటొకసారి నడిపి సగటు తియ్యాలి. ఫోన్ లెక్కయినా అంతే. వచ్చేటప్పుడు ఎంత?"

నలభై ఏళ్లుగా చెప్పుకుంటున్న 20లో ఏటికీ వాటా ఉందని అప్పుడే తెలిసింది. వచ్చేటప్పుడు గడియారం ఎందుకు చూడలేదంటారా? మా రోజుల్లో గెలిచాక గడియారం చూసుకునే అలవాటు లేదండీ.