పరాయి పీట మోత

మళ్లీ తలుపు మీద టకటక. లేవకండి, ఎవరూ రాలేదు. మా మేనల్లుడే, లోపలుండి కొడుతున్నాడు. స్నేర్ డ్రమ్ము సొంతంగా చేసుకుంటాట్ట. కొంటే పోయేదానికి చోడవరంలో ఉన్న కర్రంతా వాయించాలా?

విదేశాల్లో మేపుల్, బర్చ్, వాల్‌నట్ వాడతారట. గట్టి కర్ర ఖంగుమంటుంది, కాస్త మెత్తనిది బొంగురుగా పలుకుతుంది. వీడికి రెండూ కావాలి. టేకు బద్ద, పక్కన పనస, నడుమ నల్లతుమ్మ, అన్నీ పీపాలా అంటించి 14 అంగుళాల కట్టె. ఏటికొప్పాక వెళ్లి అంకుడు కర్ర కూడా అడిగొచ్చాడు. ఆ లక్కబొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది నిజమే. కానీ అంకుడు ఉలికి ఇట్టే లొంగే రకం, పుల్లల దెబ్బలు తినే రకం కాదు.

ఇంట్లో పరీక్షకి ఫస్టొచ్చింది పనస పీట. మా వీధిలో ఏ పెళ్లికైనా మా పీటలే వెళ్తాయి. వెళ్లేటప్పుడు జంటగా వెళ్తాయి, వచ్చేటప్పుడు ఒకటి ముందు, రెండోది వాళ్లకి గుర్తొచ్చినప్పుడు. ఓసారి ఒకటి పెళ్లి నుంచి వ్రతానికి, వ్రతం నుంచి గృహప్రవేశానికి, అటునుంచటే ఊళ్లు తిరిగింది. మా ఆవిడ ఫోన్ల మీద ఫోన్లు చేసి పట్టుకుంటే, తోడుగా మాది కాని పీట ఇంకోటి దిగింది. ఎవరిదో ఇప్పటికీ తెలీదు. మూడింట్లో మోగింది ఆ పరాయిదే!

“కోసేద్దాం అత్తా.”

“రేపు వాళ్లొచ్చి అడిగితే? పెళ్లికొడుకుని నీ డ్రమ్ము మీద కూచోబెట్టమంటావా?”

వడ్రంగి తాత అసలు ఒప్పుకోలేదు. “ఏ కర్ర బుద్ధి దానిదే బావూ. వానల్లో ఒకటి ఉబ్బుతాది, ఒకటి ఉబ్బదు. జిగురేటి సేస్తాది? బొబ్బిలి వీణ సూడు, ఒకే పనస దుంగ తొలుస్తారు. మద్దెలా అంతే.”

నా మంట మాత్రం అడితీ మీద. బాగా ఆరిందని ఒట్టేసి ఇచ్చిన టేకు బద్ద ఇంటికొచ్చాక విల్లులా వంగింది. డబ్బు మాత్రం ఎండిన కర్రకే పుచ్చుకున్నారు.

నేను కట్టించిన గదుల్లో తలుపులు వాడు ఒక్కసారి కొట్టి వదిలేశాడు. అన్నీ రెడీమేడ్ ఫ్లష్ డోర్లు. మా నాన్న పెరట్లో పనస కొట్టించి, కోయించిన పలకల్ని ఏళ్ల తరబడి నీడన ఆరబెట్టారు. వాటిలో సగం ఆయన పోయాకే తలుపులయ్యాయి. నాకేమో శ్రావణం లోపల గృహప్రవేశం అయిపోవాలి. మేనల్లుడికి ఆదివారానికల్లా డ్రమ్ము కావాలి. కర్ర ఆరేదాకా ఆగరా అని వాడికి చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు.