మా పిల్లి మడి

మంథనికి మంత్రపురి అని ఇంకో పేరు. పక్కనే గోదావరి, మావాళ్ల నోట గంగ. పొద్దున్నే గంగస్నానం, మడిబట్ట, వేదపారాయణం తరతరాలుగా నడిచిన ఊరు. ఇక్కడ ఎవరి శుచి వాళ్లకు గొప్ప. అయినా మా పెంకుటింట్లో పోటీ పెడితే మొదటి బహుమతి పిల్లికే. మేలుకున్న పొద్దులో సగం ఒళ్లు నాక్కోవడానికే సరిపోతుంది దానికి. మూతి, కాళ్లు, పొట్ట, తోక అని వరస. మధ్యలో మనం చెయ్యి వేశామా, వేసిన చోట మళ్లీ మొదలు.

"మనం ముట్టినమని కడుక్కుంటున్నదిరా" అన్నది మా బాపమ్మ. అప్పటినుంచి పిల్లి అంటే ఆమెకు కొంచెం గౌరవం.

ఆ నాలుక మామూలుది కాదు. దాని మీద ముళ్లుంటాయి. 2018లో అమెరికా పరిశోధకులు వాటిని దగ్గరగా చూస్తే, ముళ్ల కొసలు బోలుగా, ఉద్ధరిణెలా ఉన్నాయట. ఉమ్మిని పట్టుకుని, బొచ్చు దాటి చర్మం దాకా చేరుస్తాయి. మనకు సంధ్యావందనానికి ఒకటే ఉద్ధరిణె. దాని నోట్లో వందలు! కాబట్టి ఆరోగ్యంగా ఉన్న పిల్లికి స్నానం అక్కర్లేదు. చేయించి తీరాలనే పట్టుదల ఉన్నవాళ్లు ముందు టీటీ సూది వేయించుకుని మొదలుపెట్టడం మంచిది.

మన వంతు పని దువ్వడం. దువ్వకపోతే ఊడిన బొచ్చంతా మింగుతుంది, అది కడుపులో ఉండకట్టి వాంతిగా బయటికొస్తుంది. ఇల్లంతా ఖాళీగా ఉన్నా, మడిబట్ట ఆరేసిన దండెం కిందికే వచ్చి కక్కుతుంది. దువ్వుతున్నంతసేపు ముఖంలో ఇష్టమో కష్టమో తేలదు. 1957 నుంచి 1977 దాకా మా ఊరి ఎమ్మెల్యే పి.వి. నరసింహారావు గారు. ముఖం చూసి మనసు కనుక్కోలేకపోవడం ఇక్కడి నీళ్లలోనే ఉన్నట్టుంది.

గోళ్లకు బలగం కావాలి. ఒకరు తువ్వాలలో చుట్టి పట్టుకుంటే, ఇంకొకరు పాదాన్ని మెల్లగా నొక్కాలి. గోరు బయటికొస్తుంది. లోపల గులాబీరంగు నరం కనిపిస్తుంది. దాని జోలికి పోకుండా తెల్లటి కొస మాత్రమే కత్తిరించాలి. ఇంతా సిద్ధమయ్యాక బాపమ్మ కేకేసింది: "శుక్రవారం పూట గోళ్లు తీస్తరార్రా ఎవలన్న?" పిల్లి కూడా అదే మాట మీదుంది. దానికి వారమంతా శుక్రవారమే.

పశువుల దవాఖానకు బుట్టలో పెట్టి తీసుకుపోయాం. దారిలో శకునం భయం లేదు. అడ్డం రావాల్సింది బుట్టలోనే ఉంది కదా. అక్కడ బర్రెలు, మేకల నడుమ మాది ఒక్కటే పిల్లి. ఎనిమిది వారాల వయసు నుంచి పిల్లిరోగాల టీకాలు మొదలుపెట్టాలి, మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వేయించాలి, నులిపురుగుల మందు మరవద్దు. ఒక్క సంగతి మాత్రం నవ్వులాట కాదు. జ్వరమొచ్చిందని మన పారాసెటమాల్ గోలీ ముక్క పెట్టారో, పిల్లి ప్రాణానికే ముప్పు. దాని కాలేయం ఆ మందును విరవలేదు. పెర్మెత్రిన్ కలిసిన కుక్కల గోమారి మందూ అంతే.

ఇక అసలు పేచీ తిండి దగ్గర. మా ఇంట్లో దాని భోజనం పెరుగన్నం. పిల్లికి టారిన్ అనే పదార్థం కావాలి, అది దొరికేది మాంసంలో, చేపలో. లేకపోతే చూపు పోతుంది, గుండె నీరసిస్తుంది. పాయసం పెట్టి మురిసిపోదామన్నా లాభం లేదు, తీపి రుచి తెలిసే ఏర్పాటే దానికి లేదు. పెరిగిన పిల్లుల్లో చాలావాటికి పాలూ పడవు. తెనాలి రామలింగడి పిల్లి పాలు చూసి పారిపోవడంలో కొంత వైద్యం కూడా ఉందన్నమాట!

చివరికి పొట్లం తిండి తెచ్చాను. బొమ్మ కనబడకుండా పేపరు చుట్టి గూట్లో పెట్టాను.

"ఏందిరా అది?"

"బిస్కట్లు, బాపమ్మా. పిల్లికి."

ఆమె దగ్గరికొచ్చి, ముక్కు ఎగబీల్చి, కొంగు అడ్డం పెట్టుకుంది.

"బిస్కట్లకు చేపల రేవు వాసనేందిరా?"

నేను నేల చూపులు చూస్తున్నాను. పిల్లి అప్పుడే వచ్చి ఆమె కాళ్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. బాపమ్మ దానికేసి చూసి, మడిచీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని పక్కకు జరిగింది.

"బావి అవతల పెట్టుపో. నేనేం చూస్తలేను."