పూర్ణా మార్కెట్ దాటని స్నార్కెల్

విశాఖ వన్ టౌన్ వీధుల్లో ఈమధ్య ఒక కొత్త జాతి బండి తిరుగుతోంది. పుట్టుకతో అది థార్, జిమ్నీ, గూర్ఖాల్లో ఏదో ఒకటి. పెంపకంలో మాత్రం యుద్ధనౌక. ముందు ఇనుప బంపరు, దానికి తాడుతో లాగే వించి, అద్దం పక్కన నిటారుగా లేచిన స్నార్కెల్, నెత్తిన ర్యాకు, ర్యాకు మీద మడతపెట్టిన గుడారం, వెనక ఎర్ర జెర్రీ క్యాను, ఎదుటివాడి కళ్లు బైర్లు కమ్మించే ఎల్ఈడీ పట్టీలు. హార్బరు పక్కనే కదా, ఒక లంగరు కూడా వేలాడదీస్తే లోటు తీరిపోయేది. ఇంత సన్నాహం ఏ దండయాత్రకని ఆరా తీస్తే, సాయంత్రం కురుపాం మార్కెట్ నుంచి ఆర్కే బీచ్ దాకా. ఆ దారిలో ఉన్న అసలు గండం మార్కెట్ సందులే. అక్కడ బయటికి పొడుచుకొచ్చిన టైర్లతో ఒరిగేదేమీ లేదు, ఎదురొచ్చే ఆటోవాడి నోటికి పని తగలడం తప్ప.

ఈ సరంజామా పనికిమాలినదని కాదు. ప్రతి వస్తువుకీ ఒక పని ఉంది, పనితో పాటు కొన్ని షరతులూ ఉన్నాయి. చిక్కంతా మనవాళ్లు వస్తువు కొని షరతులు దుకాణంలోనే వదిలేసి రావడంలో ఉంది. స్నార్కెల్ ఇంజనుకు కావలసిన గాలిని పైకప్పు ఎత్తు నుంచి తెస్తుంది. సరే, ఇరుసుల గాలిరంధ్రాల్లోంచీ వైరింగులోంచీ దూరే నీటిని ఎవరు ఆపుతారు? ఆ నీటికి అడ్డు వేయించకుండా పెట్టిన స్నార్కెల్ ఒట్టి పొగగొట్టం, అదీ పొగ రానిది. కంపెనీ థార్ ఎలాగూ 650 మిల్లీమీటర్ల నీటిలో నడుస్తుందని తయారీదారే చెబుతున్నాడు. అంతకు మించిన నీరు కనిపిస్తే బుద్ధున్నవాడు వెనక్కి తిప్పుతాడు. పెద్ద టైర్లు వేస్తే బండి ఎత్తు పెరుగుతుంది నిజమే. వాటితో పాటు బరువూ పెరుగుతుంది, లాగుడు తగ్గుతుంది, బ్రేకు ఆలస్యంగా పడుతుంది, స్పీడోమీటరు ఉన్న వేగం కన్నా తక్కువ చూపిస్తుంది. లిఫ్టు కిట్టుతో పైకి లేపి, నెత్తిన గుడారం కట్టి, అనంతగిరి ఘాటు మలుపుల్లో తిప్పారా, బండి గురుత్వకేంద్రం గురించి పదో తరగతిలో నిద్రపోయిన పాఠం అక్కడ మెలకువ తెప్పిస్తుంది.

ఈ హంగులు లేకుండానే పని జరుగుతుందనడానికి సాక్ష్యం దూరాన వెతకనక్కర్లేదు. విశాఖ నుంచి అరకు 115 కిలోమీటర్ల చిల్లర, దాదాపు అంతా తారు రోడ్డే. రోడ్డు కూడా వద్దనుకుంటే, ఇనుప ఖనిజాన్ని పోర్టుకు దింపడానికి వేసిన కొత్తవలస-కిరండూల్ లైను మీద రైలుంది, కిటికీ పక్క సీటుకు లిఫ్టు కిట్టు అక్కర్లేదు. వంజంగి మేఘాల కొండకు ఎంత బండి వేసుకెళ్లినా చివర కాళ్లే దిక్కు. ఇక బొర్రా దగ్గర కటికి జలపాతం తోవ చూడండి. రాళ్లూ గోతులూ తప్ప ఏమీ లేని ఆ బాటలో పర్యాటకుల్ని మోసేవి స్థానికుల జీపులు. వాటికి స్నార్కెల్ లేదు, వించి లేదు, వాటిలో కొన్నిటికి సరైన రంగు కూడా లేదు. ఉన్నదల్లా ఏ రాయి మీద ఏ చక్రం పెట్టాలో తెలిసిన డ్రైవరు. (వెనక రాడ్డు పట్టుకుని వేలాడే జనం సంగతి వేరు, అది మెచ్చుకోదగ్గ మార్పు కాదు.) ఇసుకలో దిగబడిన బండికి మొదటి వైద్యం టైర్లలో గాలి సగానికి దించడం. ఖర్చు సున్నా. లక్షలు పోసిన వారిలో గాలి కొలిచే గేజి ఎందరి దగ్గరుందో అడిగి చూడండి.

"మా డబ్బు, మా సరదా, మీకెందుకు కడుపుమంట?" అనేవారుంటారు. సరదాకు అభ్యంతరం లేదు, అది బండి లోపల ఉన్నంతసేపు. ఉక్కు నగరంలో ఉక్కు మీద మమకారమూ సహజమే. కానీ ఇనుప బంపరు గుద్దుకునేది ఎదుటివాడి మోకాలిని. 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ భద్రతా పరీక్షలో థార్‌కు నాలుగు నక్షత్రాలు వచ్చాయి. ఆ పరీక్షకు వెళ్లిన బండికి బజారు బంపరు లేదు. నలిగి దెబ్బను మింగాల్సిన ముందు భాగానికి నలగని ఇనుము తొడిగితే, ఆ దెబ్బ నేరుగా ఛాసిస్‌కీ, అక్కడి నుంచి లోపలి మనిషికీ చేరుతుంది. ఇక బీచ్ ఇసుకలో చక్కర్లు కొట్టే వీరులకు ఒక మాట: జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. వాటికి ఫోర్ వీల్ డ్రైవ్ లేదు, మీ టైరు గాడిలో పడిన పిల్ల పైకి ఎక్కలేదు.

రెండో వాదన బరువైనది. "2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మర్చిపోయారా? 2018 కేరళ వరదల్లో జీపు క్లబ్బుల వాళ్లే కదా జనాన్ని బయటికి తెచ్చింది?" నిజం, తెచ్చారు, వాళ్లకు దండం పెట్టాల్సిందే. అయితే వాళ్లు ఏడాది పొడుగునా బురదలో బండి నడిపి చేయి తిరిగినవాళ్లు. గోవాలో 2014 నుంచి వర్షాకాలపు బురదలో జరుగుతున్న రెయిన్‌ఫారెస్ట్ ఛాలెంజ్ లాంటి పోటీల్లో వించి అలంకారం కాదు, కూడు పెట్టే చేయి. తాడు ఎక్కడ కట్టాలో, తెగితే ఎటు ఎగురుతుందో తెలియనివాడి చేతిలో అదే వించి పక్కనున్నవాడికి యమపాశం. హుద్‌హుద్ మర్నాడు ఈ ఊరికి కావలసివచ్చింది రోడ్లకు అడ్డంగా పడిన చెట్లు కోసే రంపాలు. ఇన్ని బళ్లలో ఒక్క రంపం ఉంటే ఈ వాదన ముందు చేతులెత్తేసేవాణ్ణి. కొండదారుల్లో తిరిగే సరదా నిజంగా ఉన్నవారికి ఆల్ టెరైన్ టైర్లు కంపెనీ కొలతలోనే, గట్టి లాగుడు కొక్కెం, అడుగున రక్షణ పలక, చిన్న గాలి కంప్రెసరు చాలు. మిగిలిన డబ్బు డ్రైవింగ్ శిక్షణకు పెట్టమంటే మాత్రం మొహం ముడుచుకుంటారు. శిక్షణ ఫొటోలో కనపడదు మరి.

చివరికి చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన రూపాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ సంగతే గట్టిగా చెప్పింది. ఇనుప బంపర్లు కూడదని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. అదే చట్టానికి 2019లో చేర్చిన 182ఎ సెక్షన్ కింద యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఈ "ఒక్కో మార్పుకు" అన్న మాటను ఆఫ్‌రోడ్ సోదరులు మరోసారి చదువుకోవాలి. బంపరు, లిఫ్టు, టైర్లు, దీపాలు... రవాణా అధికారి ఎన్ని మార్పులుగా లెక్కబెడితే జరిమానా అన్ని ఐదువేలు.