సర్వం ఇన్‌చార్జిమయం

తెలుగు రాష్ట్రాల్లో ఏ ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి వెళ్లినా ఈయన ఎదురవుతారు. గుర్తుపట్టడం తేలిక. ఉమ్మడి కుటుంబంలో పెద్దత్తగారి బొడ్లో ఉన్నంత తాళాల గుత్తి చేతిలో ఉంటుంది. చంకలో నాలుగు ఫైళ్లు. నడకలో ఎక్కడికో ఆలస్యమైన తొందర ఉంటుంది కానీ, ఎక్కడికన్నది సగం దారిలో గుర్తొస్తుంది. పేరడిగితే వెంటనే చెబుతారు. హోదా అడిగితే మాత్రం క్షణం ఆలోచిస్తారు.

ఈయన ఇన్‌చార్జి గారు.

మనం చూస్తున్నాయన తెలంగాణలో ఒక జిల్లా విశ్వవిద్యాలయంలో ఉంటారు. సొంత ఉద్యోగం ఒకటే, ఆర్థికశాస్త్రం ప్రొఫెసరు. తక్కినవన్నీ వచ్చి చేరినవి: శాఖాధిపతి, డీన్, చీఫ్ వార్డెన్, కొనుగోళ్ల కమిటీ కన్వీనరు, ఎన్‌ఎస్‌ఎస్ కోఆర్డినేటరు. ఇంజనీరు రిటైరయ్యాక బిల్డింగ్ విభాగమూ ఈయన ఒళ్లోనే పడింది. సిమెంటుతో ఈయనకున్న పరిచయమల్లా సొంతిల్లు కట్టుకున్నప్పటిది.

పొద్దున్నే అటెండరు అడిగే మొదటి ప్రశ్న: "సారూ, ఇయ్యాల మీరు హెడ్డా, డీనా? చాయ్ ఏడికి తేవాలె?"

ఇదంతా పదవుల మీద మోజనుకుంటే ఆయనకు అన్యాయం చేసినట్టే. ఒక ప్రొఫెసరు రిటైరైతే కుర్చీ ఖాళీ అవుతుంది. అందులో కొత్త మనిషిని కూర్చోబెడితే ముప్పై ఏళ్లు జీతమివ్వాలి, ఆపైన పదవీ విరమణ భారం మోయాలి. ఏడో వేతన సవరణ లెక్కన అసిస్టెంట్ ప్రొఫెసరు తొలి మూలవేతనమే 57,700 రూపాయలు. అదే పక్క కుర్చీ ఆయన్ని ఇన్‌చార్జిగా వేస్తే అయ్యే ఖర్చు ఒక రబ్బరు స్టాంపు. ఏ ఆర్థిక శాఖకైనా ఇంతకన్నా రుచించే లెక్క ఏముంటుంది? అలా రుచించీ రుచించీ తెలంగాణ విశ్వవిద్యాలయాల్లో మంజూరైన బోధన పోస్టుల్లో మూడింట రెండొంతులకు పైగా ఖాళీ అయ్యాయి. ఉమ్మడి నియామక బోర్డు కోసం 2022లో శాసనసభ పాస్ చేసిన బిల్లు గవర్నరు దగ్గర ఆగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో 3,220 పోస్టులకు ప్రకటనలిచ్చారు. అవీ నియామక పత్రాల దాకా నడవలేదు.

పైవాళ్లకూ ఈ గాలి సోకింది. 2024 మేలో తెలంగాణలో పది విశ్వవిద్యాలయాల వీసీల గడువు ఒక్కసారే ముగిసింది. ఐఏఎస్ అధికారులు ఇన్‌చార్జి వీసీలై అక్టోబరు దాకా నెట్టుకొచ్చారు. ఆ వార్త చదివిన రోజు మన ఇన్‌చార్జి గారి ముఖంలో తమ కులం ఇంత ఎత్తుకు ఎదిగిందన్న వెలుగు కనిపించింది.

ఇక డబ్బు సంగతి. ప్రభుత్వం ఇచ్చేది బ్లాక్ గ్రాంటు. ఏడాదికి నాలుగు క్వార్టర్లుగా వదలాలి. అందుకే పరిపాలన భవనం మెట్ల మీద "క్వార్టర్ పడిందా?" అన్నది మర్యాదస్థులు అడుక్కునే ప్రశ్న. కొత్తగా చేరిన పార్ట్‌టైమ్ లెక్చరరు ఒకరు దీన్ని వేరేగా అర్థం చేసుకుని, ఇక్కడి స్నేహాలు గట్టివని సంతోషించారట. బడ్జెట్ పుస్తకంలో రాసింది ఒకటి, ఖజానా నుంచి కదిలింది ఇంకొకటి. కదిలిందీ జీతాలకు, పింఛన్లకే సరిపోదు. మిగతాది పరీక్ష ఫీజులతో, సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులతో, అనుబంధ కాలేజీలు కట్టే రుసుములతో పూడ్చుకోవాలి. ఆ కాలేజీలేమో ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు వస్తే కడతామంటాయి. ఆ బకాయి ఉన్నదీ ప్రభుత్వమే. ఒకే పంపుకు రెండు చోట్ల తాళం వేసి, కొళాయిలో నీళ్లెందుకు రావని కొళాయినే అడిగినట్టుంటుంది.

ఇన్‌చార్జి గారి అసలు కళ ఉత్తర ప్రత్యుత్తరాల్లో చూడాలి. శాఖాధిపతి హోదాలో ప్రొజెక్టరు కావాలని డీన్‌కు రాస్తారు. డీన్‌గా దాన్ని "తగు చర్య నిమిత్తం" కొనుగోళ్ల కమిటీకి పంపుతారు. కన్వీనరుగా "మూడు కొటేషన్లు ఏవి?" అని శాఖాధిపతిని నిలదీస్తారు. ఎదుటివాడు తానే కదా అని మొహమాటపడరు. ఒకసారి జవాబు ఆలస్యమైందని ఘాటైన రిమైండరు పంపుకున్నారు. అందుకున్నాక కాస్త నొచ్చుకున్నారు కూడా.

ఆంధ్ర విశ్వవిద్యాలయం తొలి వీసీ కట్టమంచి రామలింగారెడ్డి 1930లో బ్రిటిష్ దమననీతికి నిరసనగా పదవి వదిలేసిన సంగతి ఇన్‌చార్జి గారు క్లాసులో ఉత్సాహంగా చెబుతారు. (1926లో పుట్టిన ఆ విశ్వవిద్యాలయానికి నూరేళ్లు. 'నిండాయి' అనడం శుభం కాదు కనుక అందరూ శతాబ్ది అంటారు.) తనకూ ఒకట్రెండు సార్లు రాజీనామా కాగితం విసిరికొట్టాలనిపించింది. ఎవరి బల్ల మీదికి విసరాలా అని చూస్తే అదీ తన బల్లే.

క్లాసులో చెబుతారన్నాం గానీ, అది నెలకో రెండు నెలలకో దొరికే భాగ్యం. రోజూ పాఠం చెప్పేది కాంట్రాక్టు లెక్చరరు. తాత్కాలికంగా చేరి పద్దెనిమిదేళ్లయింది. ఆయన దగ్గర చదివిన పిల్లాడు ఆయన పక్కనే తాత్కాలికంగా చేరాడు. యూజీసీ 2019లో అతిథి అధ్యాపకులకు పీరియడుకు 1,500, నెలకు 50,000 దాటకుండా ఇమ్మంది. ఆ కాగితం చూపిస్తే ఇన్‌చార్జి గారు కళ్లజోడు సవరించుకుని, "యూజీసీ చెప్పింది సరే, డబ్బు కూడా వాళ్లే పంపితే బాగుండు" అన్నారు. 2025 ఏప్రిల్‌లో కాంట్రాక్టు అధ్యాపకులు యూజీసీ స్కేలు కోసం సమ్మెకు దిగినప్పుడు తరగతి గది తాళాలు కూడా ఆ గుత్తిలోకే చేరాయి.

"తమ్ముడూ, నీ ఫైలు కదిలింది," అన్నారొకరోజు కాంట్రాక్టు లెక్చరరుతో ఆప్యాయంగా.

"ఎక్కడికి సార్?"

"ఆ బల్ల మీంచి ఈ బల్ల మీదికి."

విశ్వవిద్యాలయానికి గ్రేడు వేసే నాక్ బృందం వచ్చినప్పుడు మాత్రం ఆయన చెమటోడ్చారు. పొద్దున శాఖలో, మధ్యాహ్నం హాస్టల్లో, సాయంత్రం ఎన్‌ఎస్‌ఎస్ గదిలో ఆయనే స్వాగతం పలికారు. చివరికి బృందంలోని పెద్దాయన చెయ్యి పట్టుకుని, "ఇందాక హాస్టల్లో మీ తమ్ముడిని కలిశాం, అచ్చం మీలాగే ఉన్నారు" అన్నారు. ఇన్‌చార్జి గారు కాదనలేదు. తమ్ముడున్నాడంటే అధ్యాపకుల సంఖ్య ఒకటి పెరుగుతుంది కదా.

2025 మార్చితో ఆయనకు అరవై నిండి రిటైరవ్వాల్సింది. సిబ్బంది చందాలు వేసుకుని జరీ శాలువా ముందే కొనేశారు. ఈలోగా ఆ ఏడాది మొదట్లోనే జీవో వచ్చి విశ్వవిద్యాలయ అధ్యాపకుల విరమణ వయసు 60 నుంచి 65కు పెరిగింది. కొత్తవాళ్లను తీసుకోవడం కన్నా ఉన్నవాళ్లను అట్టే పెట్టుకోవడం చౌక. ఇన్‌చార్జి గారి భార్య తిరుపతి టిక్కెట్లు రద్దు చేసుకున్నారు. శాలువా బీరువాలోకి వెళ్లింది. ఆ బీరువా తాళమూ గుత్తిలోకే వెళ్లింది.

జూలైలో గట్టి వాన పడింది. ఆఫీసు గది పైకప్పు కారి, సరిగ్గా జిరాక్సు మిషన్ మీద చుక్కలు పడుతున్నాయి. మరమ్మతు కోరుతూ శాఖాధిపతి రాసిన కాగితం బిల్డింగ్ ఇన్‌చార్జి పరిశీలనలో ఉంది. అటెండరు గది నాలుగు మూలలా వెతికి వచ్చి చెయ్యి చాపాడు.

"సారూ, ఆ బీరువా తాళం ఇయ్యుండ్రి."

ఇప్పుడా మిషన్ జరీ శాలువా కప్పుకుని, సన్మానం పొందిన పండితుడిలా మూలన కూర్చుంది.